గ్లో ప్లగ్గుల ఎంపిక (పాత డీజిల్ కార్లు)

గ్లో ప్లగ్గు అనగా చల్లబడిన డీజిల్ ఇంజను స్టార్టు కావడానికి తోడ్పడే ఒక చిన్న విద్యుత్ తాపక పరికరం. ఇది సిలిండరు హెడ్డులో బిగించబడి ఉంటుంది. దీని కొన దహనగదిలోకి చొచ్చుకొని ఉండి, బ్యాటరీ నుండి వచ్చే విద్యుత్తుతో ఎర్రగా కాలుతుంది. సాధారణంగా ఒక్కొక్క సిలిండరుకు ఒక ప్లగ్గు చొప్పున ఉంటుంది. భారతదేశంలో మెకానిక్కులు దీనిని ఎక్కువగా హీటర్ ప్లగ్గు అని పిలుస్తారు. పెట్రోలు ఇంజనులోని స్పార్క్ ప్లగ్గుకు, దీనికి పేరులో పోలికయే గాని పనిలో పోలిక లేదు. స్పార్క్ ప్లగ్గు ఇంజను తిరుగుతున్నంత సేపు నిప్పురవ్వలు పుట్టిస్తుంది. గ్లో ప్లగ్గు మాత్రం స్టార్టు చేయడానికి ముందు, ఆ తరువాత కొద్దిసేపు మాత్రమే పనిచేస్తుంది.

గ్లో ప్లగ్గు కాలక్రమంలో కాలిపోయే భాగం కనుక పాత కార్లలో దానిని మార్చవలసి వస్తుంది. దుకాణంలో చూపునకు ఒకేలా ఉండే ప్లగ్గులు అనేకం దొరుకుతాయి. హెడ్డులోని రంధ్రంలో సరిగా బిగిసినంత మాత్రాన ఒక ప్లగ్గు ఆ కారుకు తగినదని చెప్పలేము. దాని వోల్టేజి, వేడెక్కే తీరు, కొన పొడవు ఆ ఇంజనుకు, ఆ ఇంజను యొక్క విద్యుత్ వలయానికి సరిపోవాలి. సరిపోని ప్లగ్గు కొన్ని సెకన్లలో కాలిపోవచ్చు, లేదా దాని కొన విరిగి సిలిండరులో పడి పిస్టనును పాడుచేయవచ్చు. చిన్న భాగం విషయంలో జరిగే ఈ పొరపాటు హెడ్డు మొత్తం విప్పవలసిన ఖర్చుకు దారితీస్తుంది.

గ్లో ప్లగ్గు అవసరం

డీజిల్ ఇంజనులో గాలిని బాగా కుదించడం వలన పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. వేడెక్కిన ఇంజనులో కుదించబడిన గాలి ఉష్ణోగ్రత 700 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. డీజిల్ తనంత తాను అంటుకోవడానికి సుమారు 250 డిగ్రీలు చాలు. అయితే ఇంజను చల్లగా ఉన్నపుడు ఈ లెక్క తారుమారవుతుంది. చల్లని లోహపు గోడలు గాలిలోని వేడిని పీల్చుకుంటాయి. స్టార్టరు మోటారు ఇంజనును నెమ్మదిగా తిప్పుతుంది కనుక కుదించిన గాలిలో కొంత పిస్టను రింగుల పక్క నుండి జారిపోతుంది. అందువలన ఇంధనం అంటుకోకుండా తెల్లని పొగ రూపంలో సైలెన్సరు నుండి బయటకు వస్తుంది. గ్లో ప్లగ్గు కొన 850 నుండి 1000 డిగ్రీల వరకు వేడెక్కి, తనకు దగ్గరగా వచ్చిన ఇంధనపు తుంపరలను అంటిస్తుంది.

ఈ అవసరం అన్ని డీజిల్ ఇంజన్లలో ఒకే విధంగా ఉండదు. పాత కార్లలో ఎక్కువ భాగం ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్ పద్ధతికి చెందినవి. వీటిలో ఇంధనం ముందుగా హెడ్డులో ఉన్న ఒక చిన్న గదిలోకి చిమ్మబడుతుంది. ఆ గది గోడల వైశాల్యం ఎక్కువ కనుక వేడి నష్టం కూడా ఎక్కువ. అందుచేత ఇటువంటి ఇంజన్లకు ఉష్ణదేశాలలో కూడా ఉదయం పూట గ్లో ప్లగ్గుల సహాయం కావలసి వస్తుంది. ఇంధనాన్ని నేరుగా పిస్టను పైభాగంలోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లు వేడి వాతావరణంలో గ్లో ప్లగ్గులు లేకున్నా తరచుగా స్టార్టు అవుతాయి. వాటికి చలికాలంలోనే వీటి అవసరం ఎక్కువ.

చరిత్ర

జర్మనీకి చెందిన ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ నిర్మించిన ఇంజను 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో విజయవంతంగా పనిచేసింది. మొదటి డీజిల్ ఇంజన్లు బరువైనవి. అవి కర్మాగారాలకు, ఓడలకు పరిమితమయ్యాయి. 1936లో మెర్సిడెస్-బెంజ్ సంస్థ బెర్లిన్ మోటారు ప్రదర్శనలో 260 డి అనే కారును ప్రవేశపెట్టింది. పెద్ద సంఖ్యలో ఉత్పత్తి చేయడానికి రూపొందిన తొలి డీజిల్ కార్లలో ఇది ప్రసిద్ధమైనది. కార్లలోకి డీజిల్ ఇంజన్లు రావడంతో వాటిని సామాన్య చోదకుడు కూడా సులభంగా స్టార్టు చేయగలగడం అవసరమైనది.

తొలినాటి గ్లో ప్లగ్గులలో దళసరి తీగ ఒకటి చుట్టగా బయటకు కనిపిస్తూ ఉండేది. ఇవి వేడెక్కడానికి అర నిమిషం నుండి ఒక నిమిషం వరకు పట్టేది. జర్మనీలో ఈ నిరీక్షణను హాస్యంగా రుడాల్ఫ్ డీజిల్ సంస్మరణ నిమిషం అనేవారు. తరువాత తీగను లోహపు గొట్టంలో మూసివేసిన పెన్సిలు రకం ప్లగ్గులు వాడుకలోకి వచ్చాయి. 1970, 1980 దశకాలలో త్వరగా వేడెక్కే రకాలు రావడంతో నిరీక్షణ కొన్ని సెకన్లకు తగ్గింది. 1988లో ఫియట్ క్రోమా కారుతో డైరెక్ట్ ఇంజెక్షన్, 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో కామన్ రైల్ పద్ధతి ప్రయాణికుల కార్లలోకి ప్రవేశించాయి. వీటి తరువాతి కాలంలో కంప్యూటరు నియంత్రణలో పనిచేసే తక్కువ వోల్టేజి ప్లగ్గులు, పింగాణీ ప్లగ్గులు వచ్చాయి. ఈ మార్పులన్నీ దశలవారీగా జరిగినందున, ఒకే పేరు గల కారులో కూడా తయారైన సంవత్సరాన్ని బట్టి వేర్వేరు ప్లగ్గులు ఉండే అవకాశం కలదు.

నిర్మాణం

పెన్సిలు రకం గ్లో ప్లగ్గులో ఈ క్రింది భాగాలు ఉంటాయి.

* లోహపు గొట్టం: వేడికి, తుప్పుకు తట్టుకునే నికెల్ మిశ్రమ లోహంతో చేస్తారు. దీని కొన మూసి ఉంటుంది. దహనగదిలోకి చొచ్చుకొని ఉండేది ఈ భాగమే.
* తాపక తీగచుట్ట: గొట్టం కొనలో ఉండి వేడిని పుట్టిస్తుంది.
* నియంత్రక తీగచుట్ట: తాపక చుట్టతో శ్రేణిలో కలిపి ఉంటుంది. వేడెక్కే కొద్దీ దీని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. అందువలన ప్రవాహం తనంత తానే తగ్గి, ప్లగ్గు మితిమీరి కాలకుండా ఉంటుంది.
* మెగ్నీషియం ఆక్సైడు పొడి: తీగచుట్టలు గొట్టానికి తగలకుండా దీనిని గట్టిగా దట్టిస్తారు. ఇది విద్యుత్తును ఆపి, వేడిని మాత్రం బయటకు పంపుతుంది.
* ఒడలు: త్రెడ్లు, స్పానరు పట్టే ఆరు పలకల భాగం, హెడ్డుకు ఆనుకొని గాలి బయటకు పోకుండా ఆపే శంఖాకారపు సీటు ఇందులో ఉంటాయి.
* టెర్మినల్: పైభాగాన తీగను కలిపే చోటు. విద్యుత్తు ఇక్కడ ప్రవేశించి, ఒడలు ద్వారా ఇంజనుకు చేరి వలయాన్ని పూర్తిచేస్తుంది.

రకాలు

* తీగ బయటకు కనిపించే రకం: అతి పాతది. దీనికి రెండు టెర్మినళ్ళు ఉంటాయి. అన్ని ప్లగ్గులనూ శ్రేణి సంధానంలో కలుపుతారు. ఒక్కొక్క ప్లగ్గు ఒకటి రెండు వోల్టులతోనే పనిచేస్తుంది.
* ఒకే తీగచుట్ట గల పెన్సిలు రకం: వేడెక్కడానికి సుమారు 20 నుండి 30 సెకన్లు పడుతుంది. వేడిని స్వయంగా అదుపు చేసుకోలేదు.
* రెండు తీగచుట్టలు గల స్వయం నియంత్రిత రకం: సాధారణంగా 11 వోల్టులకు రూపొందిస్తారు. సుమారు 2 నుండి 7 సెకన్లలో వేడెక్కుతుంది. వీటిలో కొన్ని ఇంజను స్టార్టయిన తరువాత కూడా రెండు మూడు నిమిషాలు వెలుగుతూ ఉండి, పొగను, మోతను తగ్గిస్తాయి.
* తక్కువ వోల్టేజి లోహపు రకం: సుమారు 5 వోల్టులతో పనిచేస్తుంది. నియంత్రణ పెట్టె మొదట ఒకటి రెండు సెకన్లు పూర్తి వోల్టేజినిచ్చి, తరువాత తగ్గిస్తుంది.
* పింగాణీ రకం: కొన 1200 డిగ్రీలు దాటి వేడెక్కగలదు. పెళుసుగా ఉంటుంది. క్రింద పడిన పింగాణీ ప్లగ్గును పైకి బాగా కనిపించినా వాడరాదు.

ఎంపికలో చూడవలసిన అంశాలు

వోల్టేజి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కారు బ్యాటరీ 12 వోల్టులది అయినంత మాత్రాన ప్లగ్గు కూడా 12 వోల్టులది అనుకోరాదు. టయోటా సంస్థ యొక్క కొన్ని పాత డీజిల్ ఇంజన్లలో 12 వోల్టుల బ్యాటరీ ఉన్నప్పటికీ, మధ్యలో ఒక నిరోధకాన్ని చేర్చి సుమారు 6 వోల్టుల ప్లగ్గులను వాడారు. 24 వోల్టుల బ్యాటరీ గల వాహనాలు కూడా ఉన్నాయి.

ఒక తాపకం పుట్టించే వేడి దానికిచ్చే వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. నిరోధం మారదని అనుకొని లెక్క వేస్తే, 11 వోల్టుల ప్లగ్గుకు 5 వోల్టులే అందినపుడు దాని సామర్థ్యంలో ఐదవ వంతు వేడి మాత్రమే పుడుతుంది. ఇంజను స్టార్టు కాదు. కాని ప్లగ్గును కొలిచి చూస్తే బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. దీనికి భిన్నంగా 5 వోల్టుల ప్లగ్గుకు 11 వోల్టులు ఆగకుండా అందితే దాదాపు ఐదు రెట్ల వేడి పుట్టి, కొన్ని సెకన్లలోనే కొన ఉబ్బి కరిగిపోతుంది. చాలా ప్లగ్గుల ఒడలుపై వోల్టేజి అంకె చెక్కబడి ఉంటుంది. పాత ప్లగ్గుపై ఉన్న అంకెను కొత్తదానితో పోల్చి చూడాలి.

వేడెక్కే తీరు

ప్లగ్గు వేడెక్కే కాలం, రిలే విద్యుత్తును అందించే కాలం ఒకదానికొకటి సరిపోవాలి. 25 సెకన్లు పట్టే పాత రకం ప్లగ్గును 6 సెకన్లకే దీపం ఆరిపోయే కారులో బిగిస్తే అది సగం వేడి వద్దనే ఆగిపోతుంది. త్వరగా వేడెక్కి తనను తాను అదుపు చేసుకోలేని ప్లగ్గును ఎక్కువ సేపు విద్యుత్తునిచ్చే పాత రిలేతో కలిపితే అది కాలిపోతుంది. స్టార్టయిన తరువాత కూడా ప్లగ్గులను వెలిగించే కార్లలో ఆ పనికి తగిన రకమే వాడాలి. అప్పుడు ఆల్టర్నేటరు నుండి సుమారు 14 వోల్టులు అందుతాయి కనుక సాధారణ ప్లగ్గు ఎక్కువ కాలం మన్నదు. పింగాణీ ప్లగ్గులతో వచ్చిన కారులో లోహపు ప్లగ్గులు వేయాలంటే నియంత్రణ పెట్టెలోని అమరికను కూడా మార్చవలసి ఉంటుంది.

కొన పొడవు

సీటు నుండి బయటకు వచ్చే కొన పొడవు ఇంజనును బట్టి నిర్ణయించబడుతుంది. కొన పొట్టిదైతే ఇంధనపు తుంపరలకు అందదు. పొడవైతే తుంపరలు నేరుగా తగిలి కొన కాలిపోతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పిస్టనుకు తగిలే ప్రమాదం కూడా ఉంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాను కూడా ఉపేక్షించరాదు. మొత్తం పొడవును గాక, సీటు నుండి కొన వరకు గల పొడవునే కొలవాలి.

త్రెడ్లు

కార్లలో 8, 10, 12 మి.మీ. వ్యాసం గల త్రెడ్లు సామాన్యం. వ్యాసం ఒకటే అయినా త్రెడ్ల మధ్య దూరం మారవచ్చు. 10 మి.మీ. ప్లగ్గులలో ఐరోపా కార్లకు సాధారణంగా 1.0 మి.మీ. దూరం, జపాను కార్లకు 1.25 మి.మీ. దూరం ఉంటాయి. ఒకదాని స్థానంలో మరొకటి మొదటి చుట్టు వరకు పట్టినట్లే అనిపిస్తుంది. బలవంతంగా తిప్పితే అల్యూమినియం హెడ్డులోని త్రెడ్లు చెడిపోతాయి. వేలితోనే చాలా చుట్లు తేలికగా దిగని ప్లగ్గును స్పానరుతో తిప్పరాదు.

టెర్మినల్

కొన్ని ప్లగ్గులకు నట్టుతో బిగించే టెర్మినల్, మరికొన్నిటికి నొక్కితే పట్టుకునే టెర్మినల్ ఉంటాయి. ఇవి సరిపోనపుడు తీగను కోసి అతుకులు వేయడం మంచిది కాదు. ఒక్కొక్క ప్లగ్గులో మొదటి క్షణాలలో సుమారు 20 ఆంపియర్ల ప్రవాహం ఉంటుంది. వదులైన అతుకు దగ్గర వోల్టేజి పడిపోయి, వేడి ప్లగ్గులో గాక అతుకులో పుడుతుంది.

ఇంజను సంఖ్య ఆధారంగా వెతకడం

కారు పేరు, మోడలు సంవత్సరం కంటే ఇంజను సంకేతం, ఇంజను సంఖ్య నమ్మదగిన ఆధారాలు. పాత కార్లలో ఇంజను మార్చబడి ఉండటం అరుదు కాదు. అటువంటపుడు రిజిస్ట్రేషను పత్రంలోని సంవత్సరాన్ని బట్టి కొన్న ప్లగ్గు సరిపోకపోవచ్చు. ఇంజనుపై చెక్కిన సంకేతంతో ప్లగ్గుల తయారీదారు పట్టికలో వెతికి, అక్కడ ఇచ్చిన సంఖ్యను, వోల్టేజిని పాత ప్లగ్గుతో సరిచూడాలి. బాష్ సంస్థ ప్లగ్గుల సంఖ్యలు 0 250 అనే అంకెలతో మొదలవుతాయి. కొత్త ప్లగ్గు, పాత ప్లగ్గు, పట్టిక అనే మూడూ ఏకీభవించినపుడే ఎంపిక సరియైనదని భావించవచ్చు. పాత ప్లగ్గు ఒక్కటే ఆధారం కారాదు, ఎందుకనగా అంతకు ముందు యజమాని తప్పు ప్లగ్గు వేసి ఉండవచ్చు.

ఉదాహరణ: మెర్సిడెస్-బెంజ్ డబ్ల్యూ123

1976లో విడుదలై 1986 ఆరంభం వరకు తయారైన డబ్ల్యూ123 శ్రేణి కార్లు దీర్ఘకాలం మన్నే డీజిల్ కార్లుగా ప్రసిద్ధి చెందాయి. వీటిలో నాలుగు సిలిండర్ల 240 డి కారులో ఓఎం616 ఇంజను, ఐదు సిలిండర్ల 300 డి కారులో ఓఎం617 ఇంజను ఉన్నాయి. ఈ శ్రేణిలోని తొలి కార్లలో తీగ బయటకు కనిపించే ప్లగ్గులను శ్రేణి సంధానంలో వాడారు. 1980 ప్రాంతంలో వాటి స్థానంలో త్వరగా వేడెక్కే పెన్సిలు రకం ప్లగ్గులు, సమాంతర సంధానం వచ్చాయి.

ఈ రెండు పద్ధతులలో లోపం కనిపించే తీరు వేరు. శ్రేణి సంధానంలో ఒక్క ప్లగ్గు తెగిపోయినా ప్రవాహం పూర్తిగా ఆగి, ఏ ప్లగ్గూ వెలగదు. కారు ఆ ఉదయమే మొరాయిస్తుంది. సమాంతర సంధానంలో ఒక ప్లగ్గు పోయినా మిగిలినవి పనిచేస్తాయి. ఇంజను కొంచెం వణుకుతూ స్టార్టవుతుంది కనుక యజమాని చాలాకాలం గమనించడు. రెండవది, మూడవది కూడా పోయి, చలి పెరిగిన రోజున కారు హఠాత్తుగా ఆగిపోయినట్లు అనిపిస్తుంది. వాస్తవానికి లోపం నెలల క్రితమే మొదలై ఉంటుంది.

ఒకే శ్రేణికి చెందిన కారు కదా అని పాత పద్ధతి కారుకు కొత్త పద్ధతి ప్లగ్గులను కొనడం పొరపాటు. వాటి ఒడలు కొలతలు, వోల్టేజి, తీగల అమరిక అన్నీ వేరు. ఏ పద్ధతి ఉన్నదో తెలుసుకోవడానికి తీగలను చూస్తే చాలు. ఒక ప్లగ్గు నుండి మరొక ప్లగ్గుకు గొలుసులా దళసరి తీగ వెళుతూ, ఒక్కొక్క ప్లగ్గుకు రెండేసి టెర్మినళ్ళు ఉంటే అది శ్రేణి సంధానం. రిలే నుండి ప్రతి ప్లగ్గుకు విడిగా ఒక్కొక్క తీగ వస్తే అది సమాంతర సంధానం.

భారతదేశంలో

హిందుస్తాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్ కారులో 1980 ప్రాంతం నుండి 1489 సి.సి. డీజిల్ ఇంజను, తరువాతి కాలంలో 1995 సి.సి. ఇసుజు డీజిల్ ఇంజను లభించేవి. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. 1998లో టాటా ఇండికా 1405 సి.సి. ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజనుతో వచ్చింది. మారుతి జెన్ డీజిల్ కారులో 1527 సి.సి. ప్యూజో ఇంజను ఉండేది. అంబాసిడర్ వంటి కారు పేరు ఒకటే అయినా ఇంజన్లు వేరు కనుక, అంబాసిడర్ హీటర్ ప్లగ్గు అని అడిగితే సరిపోదు. ఏ ఇంజనుకో కూడా చెప్పవలసి ఉంటుంది.

కోస్తా ప్రాంతపు వెచ్చని ఉదయాలలో ఒకటి రెండు ప్లగ్గులు పోయిన ఇంజను కూడా ఏదో విధంగా స్టార్టు కావచ్చు. అదే కారు డిసెంబరు, జనవరి నెలలలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తగ్గే ఆదిలాబాదుకో, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికో వెళితే మరునాటి ఉదయం కదలకపోవచ్చు. ఇటువంటి ప్రయాణానికి ముందు ప్లగ్గులను పరీక్షించుకోవడం మేలు.

లోపాన్ని గుర్తించడం

కొత్త ప్లగ్గులు కొనే ముందు లోపం వాటిదేనని నిర్ధారించుకోవాలి. గ్లో ప్లగ్గు లోపం చల్లని ఇంజనులోనే కనిపిస్తుంది. రాత్రంతా నిలిపిన కారు ఉదయం కష్టంగా స్టార్టయి, మొదటి నిమిషంలో వణుకుతూ, డీజిల్ వాసన గల తెల్లని పొగ వదిలి, వేడెక్కిన తరువాత చక్కగా నడిస్తే ప్లగ్గులను అనుమానించవచ్చు. వేడిగా ఉన్న ఇంజను కూడా స్టార్టు కావడానికి మొరాయిస్తే కారణం వేరే ఉంటుంది. అరిగిన రింగులు, ఇంధనపు గొట్టంలో చేరిన గాలి, ఇంజెక్షన్ పంపు లోపం, బలహీనమైన బ్యాటరీ వంటివి పరిశీలించాలి. సంపీడనం తగ్గిపోయిన ఇంజనుకు ఎన్ని కొత్త ప్లగ్గులు వేసినా ప్రయోజనం ఉండదు.

పరీక్షించే పద్ధతులు ఇవి.

* మొదట ఫ్యూజును చూడాలి. నాలుగు ప్లగ్గులు కలిపి 70, 80 ఆంపియర్లు తీసుకోగలవు కనుక వీటికి పెద్ద ఫ్యూజు విడిగా ఉంటుంది. ఇది చిట్లితే ప్లగ్గులన్నీ ఒకేసారి పనిచేయవు.
* తాళంచెవి తిప్పినపుడు ప్లగ్గు టెర్మినల్ వద్ద వోల్టేజి వస్తున్నదో లేదో కొలవాలి. రాకపోతే లోపం రిలేలోనో, తీగలలోనో ఉంటుంది.
* సమాంతర సంధానంలో తీగను విడదీసి, ప్లగ్గు టెర్మినల్‌కు ఇంజను లోహానికి మధ్య నిరోధాన్ని కొలవాలి. 11 వోల్టుల ప్లగ్గు చల్లగా ఉన్నపుడు సాధారణంగా అర ఓము నుండి ఒకటిన్నర ఓముల మధ్య చూపుతుంది. మీటరు తీగల సొంత నిరోధాన్ని ముందుగా కొలిచి తీసివేయాలి. మీటరు ఏ ప్రవాహమూ లేదని చూపితే ప్లగ్గు తెగిపోయినట్లే.
* నిరోధం సరిగా ఉన్న ప్లగ్గు కూడా సరిగా వేడెక్కకపోవచ్చు. తీగ చుట్టూ పట్టుకొని కొలిచే క్లాంప్ మీటరుతో ఒక్కొక్క ప్లగ్గు ప్రవాహాన్ని పోల్చి చూస్తే వెనుకబడినది తెలుస్తుంది.
* విప్పిన 11 వోల్టుల ప్లగ్గును ఇనుప పట్టులో బిగించి కొద్ది సెకన్లు బ్యాటరీతో కలిపితే కొన ముందుగా ఎర్రబడాలి. మధ్య భాగం ముందుగా ఎర్రబడితే అది పనికిరాదు. తక్కువ వోల్టేజి ప్లగ్గులను, పింగాణీ ప్లగ్గులను ఈ విధంగా పరీక్షించరాదు.

ఒకటా, అన్నీనా

ఒకే కాలంలో బిగించిన ప్లగ్గులు ఇంచుమించు ఒకే కాలంలో పాడవుతాయి. ఒకటి పోయిందంటే మిగిలినవి కూడా చివరి దశలో ఉన్నాయని భావించి అన్నిటినీ కలిపి మార్చడం సాధారణ ఆచారం. శ్రేణి సంధానంలో ఇది మరింత అవసరం. వేర్వేరు నిరోధాలు గల ప్లగ్గులు కలిసినపుడు వోల్టేజి సమానంగా పంచుకోబడక, ఎక్కువ నిరోధం గలది ఎక్కువగా కాలుతుంది. ఇటీవలే మార్చిన వాటిలో ఒకటి పాడైతే దానిని మాత్రమే మార్చవచ్చు. అయితే అదే తయారీదారు, అదే సంఖ్య గలది వాడాలి.

చౌకరకం ప్లగ్గుల విషయంలో జాగ్రత్త అవసరం. కొన్నిటిలో నియంత్రక తీగచుట్ట ఉండదు, లేదా పొడిని సరిగా దట్టించరు. అవి మొదట బాగా వెలిగి, కొద్ది కాలంలోనే కొన ఉబ్బిపోతాయి. ఉబ్బిన కొన రంధ్రంలో ఇరుక్కొని విప్పేటపుడు విరిగిపోతుంది. ఒడలుపై సంఖ్య, వోల్టేజి చెక్కి లేని ప్లగ్గును కొనకపోవడమే మంచిది.

విప్పడం, బిగించడం

ఈ పనిలో నష్టం ఎక్కువగా విప్పేటపుడే జరుగుతుంది. సంవత్సరాల తరబడి కదలని ప్లగ్గు మసితో, తుప్పుతో హెడ్డుకు అతుక్కొని ఉంటుంది. ఇంజనును వేడిగా ఉన్నపుడు, బ్యాటరీ తీగ విడదీసి, ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని ఊది శుభ్రపరచిన తరువాత విప్పాలి. గట్టిగా ఉంటే చొచ్చుకుపోయే నూనె వేసి కొన్ని గంటలు ఆగి, కొద్దిగా వదులుచేస్తూ మళ్ళీ బిగిస్తూ నెమ్మదిగా కదిలించాలి. 10 మి.మీ. ప్లగ్గు సుమారు 35 న్యూటన్ మీటర్ల బలం దగ్గర విరిగే ప్రమాదం ఉంది. పొడవైన పిడి గల స్పానరుతో ఆ బలాన్ని చేతికి తెలియకుండానే దాటవచ్చు. అందుచేత బలాన్ని కొలిచే టార్క్ రెంచి వాడటం మంచిది.

ప్లగ్గు వచ్చిన తరువాత రంధ్రంలో పేరుకున్న మసిని తగిన రీమరుతో తీయాలి. రీమరుకు గ్రీజు పూస్తే మసి దానికి అంటుకొని బయటకు వస్తుంది. కొత్త ప్లగ్గును ముందు వేలితో తిప్పి, తరువాత టార్క్ రెంచితో బిగించాలి. సాధారణంగా 8 మి.మీ. ప్లగ్గుకు సుమారు 10, 10 మి.మీ. ప్లగ్గుకు 15 నుండి 18, 12 మి.మీ. ప్లగ్గుకు 22 నుండి 25 న్యూటన్ మీటర్ల బలం సరిపోతుంది. కారు తయారీదారు పుస్తకంలో వేరే అంకె ఉంటే దానినే పాటించాలి. ఎక్కువగా బిగిస్తే ఒడలు నలిగి లోపలి తీగచుట్ట దెబ్బతింటుంది. తక్కువగా బిగిస్తే దహనవాయువు బయటకు వచ్చి ప్లగ్గు చుట్టూ మసి పేరుకుంటుంది.

పాత ప్లగ్గు తెలిపే విషయాలు

విప్పిన ప్లగ్గును పారవేసే ముందు దాని కొనను పరిశీలించాలి. కారణం తొలగించకుండా కొత్తది వేస్తే అది కూడా అదే విధంగా పాడవుతుంది.

* కొన ఉబ్బి పగిలి ఉంటే: ఎక్కువ వోల్టేజి అందినది, లేదా రిలే ఆగకుండా విద్యుత్తును పంపుతున్నది. రిలేను పరీక్షించాలి.
* కొన కరిగి, రంధ్రాలు పడి ఉంటే: ఇంజెక్టరు నుండి ఇంధనం సరిగా తుంపరలు కాకుండా కారుతున్నది, లేదా ఇంజెక్షన్ సమయం ముందుకు జరిగినది.
* కొన తడిగా, దట్టమైన మసితో ఉంటే: ప్లగ్గు వేడెక్కడం లేదు, లేదా ఆ సిలిండరులో సంపీడనం తగ్గినది.
* కొన విరిగి లేకుండా ఉంటే: ఆ ముక్క సిలిండరులో ఉండవచ్చు. అది దొరికే వరకు ఇంజనును తిప్పరాదు.

జాగ్రత్తలు

* ఈథరు గల స్టార్టింగ్ స్ప్రేలను గ్లో ప్లగ్గులు ఉన్న ఇంజన్లలో వాడరాదు. కాలుతున్న కొన తగిలి ఈథరు ముందుగానే పేలి, పిస్టనుకు, మనిషికి కూడా ప్రమాదం కలుగుతుంది.
* ప్లగ్గులు పాడైన కారును రోజూ తోసి స్టార్టు చేయడం పరిష్కారం కాదు. అంటుకోని డీజిల్ సిలిండరు గోడల మీది నూనెను కడిగివేసి రింగుల అరుగుదలను పెంచుతుంది.
* రిలే చెడినపుడు తాత్కాలికంగా స్విచ్చు పెట్టి ప్లగ్గులకు నేరుగా విద్యుత్తునివ్వడం కొన్నిచోట్ల వాడుకలో ఉంది. స్విచ్చు ఆపడం ఒక్కసారి మరచినా ప్లగ్గులన్నీ కాలిపోతాయి. సన్నని తీగ వాడితే మంటలు వచ్చే ప్రమాదం కూడా కలదు.
* వెలిగిన ప్లగ్గు కొన చల్లబడినట్లు కనిపించినా కొంతసేపు చేతితో తాకరాదు.

ఇవి కూడా చూడండి

* డీజిల్ ఇంజను
* రుడాల్ఫ్ డీజిల్
* స్పార్క్ ప్లగ్గు
* హిందుస్తాన్ అంబాసిడర్